పశువులపాకలో పట్టిన లోకము

డిసెంబరు మాసమున ఐరోపాఖండమున సంచరించు తెలుగు యాత్రికునకు మొట్టమొదట గోచరించునది చలి, రెండవది చీకటి. ఉత్తరదేశములలో సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు క్రుంకును. ఆ చీకటిని ఎదుర్కొనుటకే కాబోలు, ఊరూర దీపములు వెలుగుచుండును. అంగళ్ల అద్దముల వెనుకను, దేవాలయముల ప్రక్కగదులలోను, ఇండ్ల కిటికీలలోను ఒక చిన్న పాక కనబడును. పాకలో ఒక తల్లి, ఒక తండ్రి, ఒక ఎద్దు, ఒక గాడిద. నడుమ గడ్డి పఱచిన తొట్టి. ఆ తొట్టి ఒక్కొక్కచోట ఖాళీగా నుండును. బిడ్డ యెక్కడనని యాత్రికుడు కలయజూచును. ఇటలీ మున్నగు దేశములలో పెక్కు కుటుంబములవారు డిసెంబరు 24వ తేదీ రాత్రి వఱకు బిడ్డను తొట్టిలో నుంచరు. అంతవఱకు తల్లిదండ్రులతోపాటు పశువులును, గొల్లలును, చూడవచ్చినవారును ఎదురుచూచుచుందురు.

ఈ బొమ్మల కూర్పును ఇటాలియనులు ‘ప్రెసేపె’ యనియు, ఫ్రెంచివారు ‘క్రెష్’ అనియు, జర్మనులు ‘క్రిప్పె’ యనియు, పోలండువారు ‘షోప్కా’ యనియు పిలుతురు. మొదటి మూడు పేర్లకును మూలార్థము పశువుల తొట్టియే. నాలుగవదానికి చిన్న పాక యని యర్థము. రాజభవనము గాని, సింహాసనము గాని ఈ పండుగకు గుర్తు కాలేదు. పశువులు మేతమేయు తొట్టి గుర్తయినది. ఈ యొక్క విషయమును మనసున నుంచుకొనినచో తక్కిన కథ యంతయు సులభముగా బోధపడును.

పాకను చూచి ముచ్చటపడి, ఒక ఛాయాచిత్రము తీసికొని సాగిపోవు యాత్రికులే యెక్కువ. కాని కొంతసేపు నిలిచి చూచువానికి ఒక సందేహము కలుగక మానదు. పాక చుట్టును ఒక ఊరంతయు నున్నది. చేపలమ్మునది యున్నది, రొట్టెలు కాల్చువాడున్నాడు, కత్తులకు సానపట్టువాడున్నాడు, బావి కడ నీళ్లు తోడు స్త్రీ యున్నది, పూటకూళ్లయింటి యజమానుడు తలుపు కడ నిలిచియున్నాడు. వీరెవ్వరును క్రైస్తవ ధర్మగ్రంథమున లేరే! ఎవరి యనుమతితో వచ్చి ఈ పుణ్యదృశ్యమున నిలిచిరి? దీనికి సమాధానము ఎనిమిదివందల యేండ్ల చరిత్రలో నున్నది.

గ్రంథమున నున్నది, లేనిది

యేసు జననవృత్తాంతమును నాలుగు సువార్తలలో రెండు మాత్రమే చెప్పుచున్నవి. లూకా వ్రాసినదానియందు జనసంఖ్య నమోదు చేయవలెనని చక్రవర్తి యాజ్ఞ వెడలుట, యోసేపు నిండుచూలాలైన మరియతో బేత్లెహేమునకు పోవుట, సత్రమున చోటు దొరకకపోవుట, పురిటిబిడ్డకు పశువుల తొట్టియే పడక యగుట, రాత్రివేళ మందలు కాయు గొల్లలు చూడవచ్చుట కలవు. మత్తయి వ్రాసినదానియందు తొట్టి లేదు, గొల్లలు లేరు. అందు నక్షత్రమును బట్టి తూర్పుదేశమునుండి వచ్చిన జ్ఞానులును, వారు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళమును, హేరోదు రాజు క్రౌర్యమును కలవు. ఆ జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. కానుకలు మూడగుటచే లోకము వారిని ముగ్గురిని చేసినది. వారు రాజులనియు ఆయన చెప్పలేదు. అదియు లోకము పెట్టిన కిరీటమే.

ఇక ఎద్దును, గాడిదయు రెండు కథలలోను లేవు. యెషయా ప్రవక్త గ్రంథము మొదటి యధ్యాయమున, పశువులు సైతము తమ యజమానుని గుర్తెఱుగును గాని జనులు గుర్తెఱుగరని యొక నిష్ఠూరము కలదు. అందు పేర్కొనబడిన పశువులు ఎద్దును, గాడిదయు. ఆ మాటను బట్టి శిల్పులు వానిని తొట్టి ప్రక్కకు తెచ్చిరి. నాలుగవ శతాబ్దమునాటి రాతి శవపేటికల మీదనే ఈ రెండు పశువులును బిడ్డకు కావలి కాయుచున్నట్లు చెక్కబడినవి. అనగా పాకలోనికి క్రొత్తవారిని పిలుచుకొనివచ్చుట మొదటి శతాబ్దములలోనే ప్రారంభమైనదన్నమాట. ఎద్దునకును, గాడిదకును తెఱచిన తలుపును ఆ తరువాత ఎవ్వరును మూయలేదు.

గ్రెచ్చో గ్రామపు రాత్రి

ఇటలీదేశమున రోము నగరమునకు ఈశాన్యమున, రియెతీ లోయకు పైన, కొండచరియ నంటుకొని గ్రెచ్చో యను పల్లె కలదు. 1223వ సంవత్సరమున క్రిస్మసుకు రెండు వారములు ముందుగా అస్సీసీ ఫ్రాన్సిసు అను సన్న్యాసి ఆ గ్రామపు పెద్దయైన జొవాన్నికి కబురంపెను. ఫ్రాన్సిసు సామాన్యుడు గాడు. బట్టల వర్తకుని కుమారుడై పుట్టి, తండ్రి సొత్తునంతయు విడిచి, దారిద్ర్యమును వరించినవాడు. 1219లో క్రైస్తవసైన్యములు ఈజిప్టు మీద యుద్ధము చేయుచున్న కాలమున, ఆయుధము లేకయే సరిహద్దు దాటి సుల్తాను అల్ కామిలును కలిసికొని మాటలాడి వచ్చినవాడు. అట్టివాడు గ్రామపెద్దను కోరినదేమి? ఒక తొట్టి, కొంత గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. అంతియే. ఆ బిడ్డ పుట్టుకయందలి లేమిని కన్నులార చూడవలెనని ఆయన కోరిక.

పండుగనాటి రాత్రి చుట్టుపట్టుల పల్లెజనులు కాగడాలును, క్రొవ్వొత్తులును పట్టుకొని కొండ నెక్కి వచ్చిరి. తొట్టి యొద్ద పూజ జరిగినది. ఫ్రాన్సిసు సువార్తను గానము చేసి, జనులతో ముచ్చటించినట్లు ఉపదేశము చేసెను. ఆయన మరణించినది 1226లో. పిమ్మట రెండు మూడేండ్లలోనే చెలానో వాస్తవ్యుడగు తొమ్మాసో అను శిష్యుడు వ్రాసిన జీవితచరిత్రలో ఈ రాత్రి వర్ణింపబడినది. ఆ వర్ణనలో బొమ్మల ప్రసక్తి లేదు. మరియ వేషము కట్టినవారు లేరు. యోసేపు వేషము కట్టినవారును లేరు. ఉన్నది తొట్టి, గడ్డి, నిజమైన పశువులు, నిజమైన పల్లెజనులు. చూడవచ్చినవారే ఆ దృశ్యమున పాత్రలైరి. తరువాత ఆ గడ్డిని దాచి, జబ్బుపడిన పశువులకు పెట్టగా అవి కోలుకొన్నవని అచటివారు నమ్మిరనియు తొమ్మాసో వ్రాసియున్నాడు.

ఇంతకుముందు ఇట్టిదేదియు లేకుండెనని చెప్పరాదు. దేవాలయములలో క్రిస్మసు నాటకములు అంతకు పూర్వమే కలవు. రోములోని సాంతా మరియా మజ్జోరె దేవాలయము తొట్టి పేరనే ప్రసిద్ధమై యుండెను. 1291 ప్రాంతమున ఆర్నోల్ఫో ది కాంబియో అను శిల్పి చలువఱాతితో చెక్కిన జననదృశ్యపు బొమ్మలు నేటికిని ఆ దేవాలయముననే యున్నవి. ఐనను లోకము గ్రెచ్చోనే పుట్టినిల్లుగా తలచుటకు కారణము కలదు. పండితులకును, పురోహితులకును భాషగా నుండిన లాటినులో దాగియున్న కథను ఆ రాత్రి చదువురాని రైతు తన కంటితో చూచి, గడ్డివాసన ద్వారమున గ్రహించినాడు. పాఠమును కంటికి చూపినచో ఎంత నాటుకొనునో ఫ్రాన్సిసునకు తెలిసినంతగా పెక్కుమంది ఉపాధ్యాయులకు తెలియదు.

నేపుల్సు నగరము: రాజు మేడనుండి వీథి యరుగు వఱకు

ఈ కళకు మహావైభవము కలిగినది పదునెనిమిదవ శతాబ్దమున, ఇటలీ దక్షిణభాగమున నున్న నేపుల్సు నగరములో. 1734 మొదలు 1759 వఱకు అచట రాజ్యము చేసిన బూర్బను వంశపు చార్లెసు రాజునకు ఈ బొమ్మలన్న ప్రాణము. రాజే స్వయముగా మట్టి మెదిపి బొమ్మలు చేసెననియు, రాణి వానికి దుస్తులు కుట్టెననియు చెప్పుకొందురు. రాజును చూచి ప్రభువులును, ప్రభువులను చూచి వర్తకులును తమ యిండ్ల గదులనిండ బొమ్మలు పేర్పించిరి. గ్రెగోరియో రొక్కో అను డొమినికను సన్న్యాసి బీదల యిండ్లకు సైతము ఈ యలవాటును వ్యాపింపజేసెను. చీకటి వీథులలో చిన్న చిన్న పూజాస్థానములు నెలకొల్పి, వాని ముందర దీపములు పెట్టించి, నగరమునకు వీథిదీపములు లేని లోటును తీర్చినవాడును ఆయనయే.

నేపుల్సు బొమ్మ నిర్మాణము విచిత్రమైనది. తల కాల్చిన మట్టితో చేయుదురు, కన్నులు గాజువి, చేతులును, కాళ్లును కొయ్యతో చెక్కినవి, నడుమ దేహము మాత్రము ఇనుపతీగకు జనపనార చుట్టి చేసినది. అందుచే బొమ్మను ఎట్లు వంచిన నట్లు వంగును. ఏ పనిలో నిలుపవలెనన్న ఆ పనిలో నిలుచును. సాన్‌మార్తీనో వంటి ప్రఖ్యాతశిల్పులును ఈ తలలు మలచుటను చిన్నతనముగా నెంచలేదు. బొమ్మ చేతిలోని గంపలో టెంక వంటి చిన్న పండ్లు, చేపలు, జున్నుముద్దలు ఒక్కొక్కటి వేఱువేఱుగా చేసి యుంచుదురు. ఆ పండ్లను చేయువాడొకడు, పశువులను చేయువాడొకడు, వాద్యములను చేయువాడొకడు. ఒక పాక వెనుక ఇందఱి జీవనము కలదు.

ఈ కాలపు పాకలను చక్కగా చూడదలచినవారు నేపుల్సులోని సాన్ మార్తీనో మఠమునందలి ప్రదర్శనశాలకు పోవుదురు. మిచేలె కూచినియెల్లో అనునాయన తాను కూర్చిన బొమ్మలనన్నింటిని ప్రజలకు దానము చేయగా, 1879లో అవి యచట నిలుపబడినవి. ఒక గుహవంటి కట్టడములో కొండయు, సంతయు, పూటకూళ్లయిల్లును, వానిమధ్య శిథిలమైన యొక ప్రాచీన దేవాలయమును కలవు. తల్లియు బిడ్డయు ఆ శిథిలముల నడుమ నుందురు. చార్లెసు కాలముననే, 1738లో హెర్క్యులేనియమునందును, 1748లో పాంపేయినందును, అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పురములను త్రవ్వ నారంభించిరి. నేల క్రిందనుండి లేచిన ఆ స్తంభములు బొమ్మల పాకలోనికిని నడచివచ్చినవి. పాతలోకము కూలిన చోట క్రొత్తలోకము పుట్టెనని దాని భావము.

చూపరికి ఇచట మఱియొక చమత్కారము కనబడును. కొండ క్రింద సంతలో మాంసము కొట్టువాడు తన పనిలో నున్నాడు, త్రాగుబోతు త్రాగుచున్నాడు, ఒక గొల్లపిల్లవాడు గాఢముగా నిద్రించుచున్నాడు. లోకమును మార్చు ఘట్టము కూతవేటు దూరమున జరుగుచుండగా లోకములో సగము దానిని గమనింపనేలేదు! బొమ్మలు చేసినవాడు తన యూరివారిని బాగుగా నెఱిగినవాడు. ఆక్షేపింపకయే సత్యమును చెప్పగలిగెను.

నేటికిని నేపుల్సులో సాన్ గ్రెగోరియో అర్మేనో అను ఇఱుకువీథి యంతయు బొమ్మల దుకాణములే. సంవత్సరము పొడుగునను పని సాగుచుండును. కాలానుగుణముగ రాజకీయనాయకుల బొమ్మలును, మారడోనా వంటి ఆటగాండ్ర బొమ్మలును అచట వెలయుచున్నవి. చూచి నవ్వుకొనువారును కలరు, నొచ్చుకొనువారును కలరు. ఈ నగరవాసులకు పాకయందలి మమకారమెంతటిదో తెలియగోరువారు ఎదువార్దో దె ఫిలిప్పో 1931లో ప్రదర్శించిన ‘కుపియెల్లోవారి యింట క్రిస్మసు’ అను నాటకము కథను తెలిసికొనవలెను. ఇంటిపెద్ద లూకా పాకను కట్టుటలో మునిగియుండును. సంసారము చుట్టును కూలిపోవుచుండును. నీకు పాక నచ్చినదా యని కుమారుని మాటిమాటికి అడుగును, వాడు నచ్చలేదనును. తుదకు తండ్రి మంచముపట్టి అవసానదశలో అదే ప్రశ్న వేసినపుడు కుమారుడు ఔనని తల యూపును. హాస్యముగా మొదలైన నాటకము ఆ యొక్క మాటతో కన్నీటిలో ముగియును.

నిషేధము పెంచిన కళ

ఏ కళకైనను రాజాదరము మేలు చేయునని యందఱు నెఱుగుదురు. నిషేధము సైతము మేలు చేయుట ఈ కళ విషయమున చూడవచ్చును. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫు, ఆచారములను సంస్కరింపదలచినవాడై, 1782లో దేవాలయములలో పాకలు నిలుపరాదని శాసించెను. తిరోలు పర్వతప్రాంతపు రైతులు ఎదురు తిరుగలేదు. బొమ్మలను ఇండ్లకు తెచ్చుకొనిరి. శీతకాలపు దీర్ఘరాత్రులలో కొయ్య చెక్కుట నేర్చిన చేతులు వారివి. బేత్లెహేము వారి చేతులలో మంచుకొండల నడిమి తిరోలు పల్లెగా మాఱినది. నేటికిని ఆ ప్రాంతమున పండుగదినములలో ఇరుగుపొరుగు యిండ్లకు పోయి పాకలను చూచివచ్చుట యొక యాచారము. చూడవచ్చినవారు పాకను మెచ్చుకొనవలెను. ఇంటివారు అతిథిమర్యాద చేయవలెను. తెలుగు యాత్రికునకు ఇది పేరంటము వలె తోచుటలో వింత లేదు.

ఫ్రాన్సులో 1789లో విప్లవము చెలరేగినది. నాలుగైదేండ్లలో దేవాలయములు మూతపడినవి. అర్ధరాత్రి పూజలు నిలిచిపోయినవి. దానితో దేవాలయములలోని పెద్దపాకలును మాయమైనవి. అప్పుడు దక్షిణమున ప్రొవాన్సు సీమలోని మార్సేయి నగరమున ఝాఁ లూయీ లాన్యెలు అను శిల్పి ఒక యుపాయము పన్నెను. ఆయన 1764లో పుట్టి 1822లో మరణించెను. సుద్దతో రెండు దళముల అచ్చులు చేసి, అందులో మట్టి నొత్తి, అఱచేతిలో పట్టునంతటి బొమ్మలను తీసి, రంగులు పూసి, బీదలు కొనగల ధరకు అమ్మసాగెను. ఈ బొమ్మలను ‘సాంతోను’ లందురు. ప్రొవాన్సు భాషలో చిన్నపుణ్యాత్ముడని యర్థము. 1803 మొదలు మార్సేయిలో సాంతోనుల సంత జరుగుచున్నది. సమీపమునందలి ఒబాన్యు పట్టణము ఈ బొమ్మలకు నేటికిని పెట్టినది పేరు.

సాంతోను సంతలో అమ్మకమునకు వచ్చునవి దేవదూతలు మాత్రమే కావు. తిరుగలివాడు పిండిమూటతోను, చేపలామె త్రాసుతోను, చాకలిస్త్రీ గుడ్డలమూటతోను, డోలువాడు డోలుతోను, ముసలిదంపతులు ఒకే గొడుగు క్రిందను నిలిచియుందురు. ప్రతివాడును తన వృత్తిఫలమునే కానుకగా తెచ్చును. వీరందఱిలోను ‘రవి’ యని యొకడు కలడు. ఈ పేరు తెలుగుచెవికి సూర్యుని తలపించును గాని, అచట దానికి ఆనందపరవశుడని యర్థము. వాడు వెఱ్ఱిబాగులవాడు. చేతులు రెండును పైకెత్తి, నోరు తెఱచి నిలిచియుండును. తక్కినవారు ఏమి తెచ్చితివని వానిని గద్దించిరనియు, ఆశ్చర్యపడగల హృదయమే వాని కానుకయని తల్లి మరియ వానిని వెనుకవేసికొని వచ్చెననియు ప్రొవాన్సులో కథ చెప్పుకొందురు. విజ్ఞానులు మూడు కానుకలు తెచ్చిరి. ఈ యజ్ఞాని నాలుగవది తెచ్చెను.

ఇదే సీమలో డిసెంబరు 4వ తేదీన, సెయింటు బార్బరా పండుగనాడు, చిన్నపళ్లెములలో గోధుమలు చల్లి తడుపుదురు. క్రిస్మసునాటికి అవి పచ్చగా మొలకెత్తును. పైరు బాగుగా పెరిగినచో రాబోవు సంవత్సరము బాగుండునని విశ్వాసము. తెలుగునాట పెండ్లికి ముందు పాలికలలో నవధాన్యములు చల్లి అంకురార్పణము చేయుట యెఱిగినవారికి ఈ పళ్లెములు పరాయివిగా కనబడవు. ఒకరినుండి యొకరు నేర్చుకొనినది కాదు. నేలను నమ్మినవారందఱి మనసును ఒకే మార్గమున నడచుచుండును.

క్రాకో నగరపు తాపీపనివారు

పోలండులోని క్రాకో నగరపు ‘షోప్కా’ తక్కిన పాకలవంటిది కాదు. అది పాకయే కాదు, తళతళలాడు గోపురము. పందొమ్మిదవ శతాబ్దమున ఆ నగరపు శివారుపల్లెలలో తాపీపనివారును, వడ్రంగులును నివసించెడివారు. శీతకాలమున మంచు కురియుచుండగా కట్టడపు పనులు నిలిచిపోవును. పొయ్యిలో పిల్లి లేవదు. అప్పుడు వారు సన్నచెక్కతోను, అట్టతోను చిన్నగోపురములు కట్టి, రంగుల తళుకుకాగితము అంటించి, వానిలో తోలుబొమ్మలవలె ఆడించు కొయ్యబొమ్మలు పెట్టుకొని, ఇంటింటికిని తిరిగి పాటలు పాడి నాలుగు కాసులు సంపాదించుకొనెడివారు. వారు కట్టినది ఏ గోపురమును? తమ నగరపు మరియమ్మ దేవాలయమునకు ఎత్తు సమానముగాని రెండు గోపురములు కలవు. వావెల్ కోట మీద బంగారుపూత గుమ్మటము కలదు. ఎండకాలమున ఎవరి మేడలకో రాళ్లు మోసిన చేతులు, చలికాలమున నగరసౌందర్యమునంతయు అట్టముక్కలతో తిరిగి కట్టి, దాని నడుమ పేదబిడ్డకు చోటిచ్చినవి. ఆ పనివారిలో మిహావ్ ఎజెనెకియెరు అనువాడు చేసిన షోప్కా నేటికిని క్రాకోలోని జానపదవస్తు ప్రదర్శనశాలలో నున్నది.

మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఇంటింటికి తిరుగు నాచారము సన్నగిల్లినది. కళ నశించునను భయముతో 1937 డిసెంబరులో యెర్జీ దొబ్జిత్‌స్కి యనునాయన క్రాకో సంతమైదానమున, మిత్‌స్కియేవిచ్ మహాకవి విగ్రహము కడ, షోప్కాల పోటీ నేర్పాటు చేసెను. రెండేండ్లకే జర్మను నాజీసైన్యములు నగరమును ఆక్రమించినవి. పోటీ నిలిచినది. 1940లో మహాకవి విగ్రహమును సైతము పడగొట్టిరి. 1945లో యుద్ధము ముగిసిన సంవత్సరముననే, డిసెంబరులో, పనివారు మరల ఆ మైదానమునకు తమ గోపురములు మోసికొనివచ్చిరి. మహాకవి విగ్రహము తిరిగి నిలిచినది పదేండ్ల తరువాత 1955లో. రాతివిగ్రహముకంటె అట్టగోపురము ముందు లేచినది! నేటికిని డిసెంబరు మొదటి గురువారమున ఆ విగ్రహపు మెట్లమీద మనిషియెత్తు దాటిన గోపురములును, అఱచేతిలో నిలుచునంతటివియు వరుసగా తీర్చుదురు. 2018లో ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ ఈ కళను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చుకొన్నది.

ఐనను ఈ కథలో దాచిపెట్టరాని భాగమొకటి కలదు. పాత షోప్కా యాటలలో రైతు, కొండవాడు, సైనికుడు, సైతాను, మృత్యువు వచ్చినట్లే యూదుడును వచ్చెడివాడు. పెక్కుసారులు నవ్వుబొమ్మగనే వచ్చెడివాడు. యుద్ధమునకు ముందు క్రాకోలో సుమారు 60,000 మంది యూదులుండిరి. 1941లో వారిని నదికావల నొక పేటలో బంధించిరి; 1943 మార్చిలో ఆ పేటను తుడిచిపెట్టిరి. వారిలో బ్రతికి బట్టకట్టినవారు కొలదిమంది మాత్రమే. తొట్టిలోని బిడ్డయు, ఆ బిడ్డ తల్లియు యూదులే యని నవ్వినవారిలో ఎందఱు తలచిరి? బొమ్మల యాట ఆ ఘోరమునకు కారణమని చెప్పుట న్యాయము కాదు. కాని పొరుగువానికి పాకలో చోటిచ్చుట వేఱు, గౌరవముతో చోటిచ్చుట వేఱు. బొమ్మ చేయువాని చేతిలోను, దానిని చూపి పిల్లలకు కథ చెప్పువాని నోటిలోను ఈ బాధ్యత యున్నది.

కొలువును, పాకయు

తెలుగు యాత్రికుడు ఈ దృశ్యములను చూచునపుడు అతని మనసు తెలియకయే ఇంటికి మరలును. దసరా నవరాత్రులలోను, కోస్తా జిల్లాలలో సంక్రాంతి దినములలోను తీర్చు బొమ్మల కొలువు అతనికి జ్ఞప్తి వచ్చును. బేసిసంఖ్య మెట్లు, వానిపై తెల్లని వస్త్రము, పైమెట్టున దేవతలు, దిగువ మెట్లపై దశావతారములు, పెండ్లిబృందము, పచారీ సరకులు పఱచుకొన్న వర్తక దంపతులు. తెల్లపొణికి కఱ్ఱతో కొండపల్లి పనివారు చేయు బొమ్మలలో అంబారీ యేనుగు ఎంత ప్రసిద్ధమో, తాడిచెట్టునెక్కు గీతపనివాడును, తిరుగలి త్రిప్పు స్త్రీయు, కుండలు చేయు కుమ్మరియు అంత ప్రసిద్ధులు. అంకుడు కఱ్ఱకు లక్కరంగులద్దు ఏటికొప్పాకవారును, నిర్మల పనివారును ఇదే కుటుంబమునకు చెందినవారు. దేవతలతోపాటు ఊరివారిని ఇంటిలోనికి పిలుచుటలో నేపుల్సువారికిని, తెలుగువారికిని భేదము లేదు.

ఒక భేదము మాత్రము కలదు. కొలువులో మెట్లున్నవి, ఎవరి మెట్టు వారిది. పాకలో మెట్లు లేవు, గడ్డినేల యొక్కటియే. కిరీటము ధరించినవాడును, చిరిగిన గొంగళి కప్పుకొన్నవాడును అదే నేలమీద మోకరిల్లుదురు. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ యని చెప్పుట కాదు. కొలువు సృష్టిక్రమమును చూపును. పాక సమత్వమును చూపును. తెలుగునాటి క్రైస్తవకుటుంబములలోను, దేవాలయములలోను క్రిస్మసుకు కట్టు పశువులపాకలో ఈ రెండు సంప్రదాయములును కలిసికొనుట చూడవచ్చును. నక్షత్రపు దీపము క్రింద, వరిగడ్డి పఱచిన ఆ పాక బేత్లెహేముదైనను, గడ్డి మాత్రము తెలుగుచేనిదే.

బడిలో కట్టదగిన పాక

1982 మొదలు రోములోని సెయింటు పీటరు దేవాలయప్రాంగణమున ప్రతివత్సరము పెద్దపాక నొకదానిని నిలుపుచున్నారు. 2019 డిసెంబరు 1వ తేదీన పోపు ఫ్రాన్సిసు గ్రెచ్చోకు వచ్చి, ఇండ్లలోనేగాక పాఠశాలలలోను, ఆసుపత్రులలోను, చెరసాలలలోను పాకలు కట్టు నాచారము నిలువవలెనని కోరుచు ఒక లేఖపై సంతకము చేసెను. 2023లో గ్రెచ్చో రాత్రికి ఎనిమిదివందల యేండ్లు నిండినవి. ఈ యుత్సవముల నడుమ ఒక ప్రమాదమును మఱువరాదు. యంత్రముతో పోసిన ప్లాస్టిక్కు బొమ్మలు నేడు ప్రతిదేశమునను చౌకగా దొరకుచున్నవి. అన్నింటికిని ఒకటే ముఖము. అన్నింటికిని ఒకటే యంగీ. అందు మార్సేయి చేపలామెయు లేదు, క్రాకో తాపీపనివాడును లేడు. కొండపల్లి కొయ్యబొమ్మకును ఇదే గండము. బొమ్మ పోయినచో ఒక పనివాని కూడు మాత్రమే పోవుట కాదు. ఒక యూరు తన్ను తాను చూచుకొను అద్దము పగులును.

దీనికి మందు ఉపాధ్యాయుల చేతిలోను కొంత కలదు. ఏ పండుగయైనను కావచ్చును, ఏ మతమువారైనను కావచ్చును. ఒక తరగతిలోని బాలబాలికలను తమ యూరిని మట్టితో చేయుడని కోరవచ్చును. మాస్టరుగారు పేర్లు చెప్పకుండ, పిల్లలే తెలిసికొని రావలెను: తెల్లవారకముందే వీథి నూడ్చువారెవరు? చెఱువుగట్టున చేపలు పట్టువారెవరు? బడిలో మధ్యాహ్నభోజనము వండు అమ్మ ఏ వీథినుండి వచ్చును? చెప్పులు కుట్టువాని దగ్గఱ నుండు పనిముట్ల పేర్లేమి? పట్టణములోనైనచో ఇంటింటికి పొట్లములు మోయు యువకుడెవరు? బొమ్మలు వంకరగా వచ్చినను నష్టము లేదు. వంకరబొమ్మలో చేసినవాని వ్రేలిముద్ర యుండును. అది కొన్నబొమ్మలో నుండదు.

బొమ్మలు ఆరిన పిదప వానిని పేర్చుటలోనే నిజమైన పరీక్ష యున్నది. దీపమునకు దగ్గఱగా ఎవరిని నిలుపవలెను, దూరముగా ఎవరిని నిలుపవలెనను ప్రశ్న వచ్చును. అప్పుడు పిల్లలు వాదించుకొందురు, వాదించుకొననిండు. గ్రెచ్చో గొల్లలకును, నేపుల్సు నిద్రమొగము పిల్లవానికిని, ప్రొవాన్సు వెఱ్ఱిబాగులవానికిని ఎనిమిదివందల యేండ్లుగా జనులు ఇట్లు వాదించుకొనియే చోటు చేసికొనుచు వచ్చిరి. ఊరిలో పేరు లేని మనుష్యుని బొమ్మను ఒక బాలిక దీపము కడకు జరిపి యుంచినచో, ఆనాటి పాఠము పూర్తియైనట్లే.